సద్దులైనంక వేసుకుంట

2023 అక్టోబరు మొదటి వారం. గోదావరిఖనిలో బొగ్గు బాయి కార్మికుల క్వార్టర్ల పక్కన ఒక చిన్న ప్రైవేటు దవాఖాన. అందులో నేను నర్సును. ముందు గదిలో రెండు బల్లలు, లోపల డాక్టరమ్మ గది, దాని వెనక సూదుల గది. ఆ సూదుల గదిలో ఒక చిన్న ఫ్రిజ్ ఉంటుంది. పొద్దున రాగానే చేతులు కడుక్కొని, ధర్మపురి నర్సింహస్వామిని తలుచుకొని, ముందు దాని ఉష్ణోగ్రత చూస్తాను. టీకా మందు తయారైన చోటు నుంచి మనిషి చేతిలోకి ఎక్కేదాకా దాని చల్లదనం తప్పకూడదు. దీన్ని మేం కోల్డ్ చైన్ అంటాం. గొలుసులో ఒక్క లంకె తెగినా సూది గుచ్చిన నొప్పే మిగులుతుంది.

నేను బడికి పోయి చదివినదాన్ని కాదు. ఉట్నూరు అవతల మా ఊరికి బడి దూరం. పోస్టు పని చేసే మా బాపు సాయంత్రం సంచి దించి, కాళ్లు కడుక్కొని, దేవుని దీపం ముందు కూర్చోబెట్టి నాకు అక్షరాలు దిద్దించాడు. పదో తరగతి పరీక్ష ఇంట్లో చదువుకునే రాశాను. నర్సు ట్రైనింగు ఆ తర్వాతి మాట. అక్షరం పెట్టిన బాపుకు, పని నేర్పిన డాక్టరమ్మకు రోజూ మనసులోనే దండం పెట్టుకుంటాను. ఈ పనిలో నాకు దొరికినంత ఆదరణ ఎక్కువ మందికి దొరకదు. అందుకే, మాకు అంత ప్రేమ పంచిన ఒక మనిషిని దక్కించుకోలేకపోయిన సంగతి ఇన్నాళ్లకూ మనసులోంచి పోవడం లేదు.

ఆమె పేరు పోశక్క. ఆమె భర్త రాజలింగు. ఇద్దరికీ డెబ్బై దాటాయి. ఆయన బాయిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. అంటే, బొగ్గు తవ్వేచోట పైకప్పు కింద కట్టె గుంజలు నిలబెట్టే పని. ఆ గుంజలను వాళ్లు ప్రాపులు అంటారు. ఏళ్ల తరబడి దుమ్ము పీల్చి ఆయన ఊపిరితిత్తులు బలహీనపడ్డాయి. ఆమెకు షుగరు ఉన్నా ఎప్పుడూ నడుం వాల్చి ఎరగదు. నెలకోసారి ఇద్దరూ కలిసి పరీక్షకు వచ్చేవాళ్లు. ఆమె ముందు, ఆయన వెనక. ఆయన సంగతి డాక్టరమ్మ ఏం అడిగినా జవాబు ఆమే చెప్పేది.

కథ అర్థం కావాలంటే అంతకు ముందటి ఏడు నుంచి చెప్పాలి. డాక్టరమ్మ సలహా మీద రాజలింగు బాపు ఆ ఏడు ఇన్‌ఫ్లుయెంజా టీకా వేయించుకున్నాడు. మా దగ్గర ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవరు. సర్ది సూది అంటారు. సగం చిక్కు ఈ పేరులోనే ఉంది. సర్ది సవాలక్ష క్రిములతో వస్తుంది. ఈ టీకా వాటన్నిటికీ కాదు, ఫ్లూ అనే ఒక్క జబ్బుకు. ఫ్లూ ఒళ్లంతా పట్టి పీడించే జ్వరం. పెద్ద వయసులో న్యుమోనియాలోకి దించుతుంది, అంటే ఊపిరితిత్తుల్లో చీము, నీరు చేరి గాలి ఆడకుండా చేస్తుంది. కానీ పేరులో సర్ది ఉన్నాక, ముక్కు కారిన ప్రతిసారీ సూది ఓడిపోయినట్టే లెక్క.

ఆ చలికాలం రాజలింగు బాపుకు ముక్కు కారడమే కాదు, నిజంగా ఫ్లూనే వచ్చింది. పరీక్షలో తేలింది. పోశక్క ఆయనను వెంటబెట్టుకొని తిన్నగా సూదుల గదిలోకే వచ్చింది.

“ఏం సూదేసినవ్ సిస్టరమ్మా? సర్ది సూదంటివి. గీయనకు సర్ది, జరం, దగ్గు అన్నీ ఒక్కపారే వచ్చినయ్. దీనికంటె మా ఇంట్ల మిరియాల కషాయం నయం.”

“అవ్వా, పెద్దవాళ్లకు టీకా పడుచువాళ్లకు పట్టినంత గట్టిగా పట్టదు. రాకుండా కొంతే ఆపుతుంది. వచ్చినా ముదరకుండా చూస్తుంది.”

“సగం పనిజేసే సూదికి నిండు చెయ్యి చూపెట్టాల్నా?”

అప్పటిదాకా స్టూలు మీద కూర్చొని దగ్గుతున్న రాజలింగు బాపు నోరు విప్పాడు.

“ఊకోయే. ఎన్నేండ్ల సంది సలికాలమొస్తె నన్ను పెద్ద దవాఖానల పండబెడుతున్రు? గీయేడు పండబెట్టిన్రా?”

“ఇంట్ల పండలేదా మరి? గంజి పోసిందెవలు? నేనా, సూదా?”

మాటలు విని గుమ్మంలోకి వచ్చిన డాక్టరమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. ఆయన మాత్రం నవ్వలేదు. ఏదో గుర్తొచ్చినట్టు గది పైకప్పు వైపు చూశాడు.

“బాయిల ప్రాపు పెడుతం గద బిడ్డా. గుట్టంత బరువును గా కట్టె మొత్తమే ఆపుతదా? ఆపినంత ఆపుతది. ఇగ ఆపుడు చాతగానప్పుడు కిర్రుమంటది. గా సప్పుడినంగనే అందరం ఉరుకుతం. ఉరికే టైమిస్తది. గీ సూది సుత గసొంటిదే ఉన్నట్టున్నది.”

“ఆయనకు బాయి తప్ప ఇంకోటి యాదికి రాదు” అంది పోశక్క. “రిటైరైనంక సుత ఇంట్ల కప్పు సూసుకుంటనే పంటడు.”

ప్రతి ఏడూ మళ్లీ వేయించుకోవాలని, ఆ క్రిమి ఏటేటా రూపు మారుస్తుందని డాక్టరమ్మ చెబితే ఆయనకు విడమరచి చెప్పే అవసరమే రాలేదు. “పని ముంగటికి జరిగినంక పాత జాగల ప్రాపుంటె ఏం ఫాయిదా? అదీ ముంగటికి జరగాలె” అన్నాడు. మేం పుస్తకాల మాటలు ఎన్ని చెప్పినా ముసలివాళ్ల మొహంలో కనిపించని వెలుగు ఆ కట్టె మాట చెబితే కనిపించేది. బాయి ఇళ్లలో ప్రాపు తెలియనివాళ్లు ఉండరు కదా. ఆ చలికాలమంతా ఆయన మాటే అందరికీ చెప్పాను.

ఒక్క పోశక్కకే అది ఎక్కలేదు.

ఇక 2023 అక్టోబరు. బతుకమ్మకు ఇంకా వారం పైనే ఉంది. ఇద్దరూ వచ్చారు. రాజలింగు బాపు అడగకముందే అంగీ చేయి పైకి మడిచాడు. టీకా వేసి దూది అద్ది, పోశక్క వైపు తిరిగాను.

“అవ్వా, ఈసారి నువ్వు కూడా. షుగరున్నవాళ్లకు ఫ్లూ వస్తే కష్టం.”

“మా ఇంట్లకెల్లి ఆయనేసుకున్నడు గద. ఇంటికొక్కలు పోయి రాజన్న దేవునికి మొక్కితె ఇల్లంతటికి ముట్టదా? గిదీ గంతే.”

నేను దేవుణ్ణి నమ్మేదాన్ని. ఒకరు మొక్కితే ఇంటిల్లిపాదికీ చల్లగా ఉంటుందన్నది నాకూ నమ్మకమే. మా అవ్వ మొక్కిన మొక్కుల నీడలోనే నేను పెరిగాను. అందుకే ఆ మాటకు సరైన జవాబు వెతుక్కోవలసి వచ్చింది.

“మొక్కు ముట్టుతుంది అవ్వా. మందు ఎవరి ఒంట్లోది వాళ్లకే. నువ్వు షుగరు గోలీ వేసుకుంటే బాపుకు షుగరు దిగుతుందా?”

దెబ్బ తగిలింది. డాక్టరమ్మ గది వైపు చూసింది. కానీ ఆమె అంత సులువుగా లొంగే మనిషి కాదు.

“సరే తియ్యి, ఏసుకుంట. గని ఇప్పుడు గాదు. పోయినేడు సూదేస్తె గీయన చెయ్యి మీదికి లేవలే. ఇప్పుడు నా చెయ్యి గుంజితె బతుకమ్మ ఎట్లాడాలె? తంగేడు పువ్వెవలు తేవాలె?”

“రెండు రోజుల్లో తగ్గిపోతుంది అవ్వా. బతుకమ్మ నాటికి నొప్పే ఉండదు. కావాలంటే ఎడమ చేతికి వేస్తాను.”

ఆమె రెండు అరచేతులూ నా మొహం ముందు పెట్టి, ఒకటి చీర కొంగు వెనక దాచింది. మిగిలిన చేతిని గాలిలో ఊపింది.

“ఒక్క చేత్తో సప్పుడైతదా బిడ్డా?”

బయట బల్ల మీదివాళ్లు కూడా నవ్వారు. రాజలింగు బాపు నవ్వుతూనే “మొండిది. కప్పు కూలినా జరగది” అన్నాడు.

“సద్దులైనంక వేసుకుంట. మాటిస్తున్న. దసర బంగారం నీ చేతుల పెట్టి, గా చెయ్యే నీకు చూపెడుత” అంది.

డాక్టరమ్మ కూడా బయటికి వచ్చి ఇంకోసారి చెప్పింది. టీకా వేసిన తర్వాత ఒంట్లో బలం పుంజుకోవడానికి రెండు వారాలు పడుతుందనీ, పండుగకు మంది కలుస్తారు గనుక ముందే వేసుకుంటే మంచిదనీ చెప్పింది. పోశక్క అన్నిటికీ తల ఊపింది. “సద్దులైనంక” అని మెట్లు దిగింది. ఒద్దన్న మనిషి చేయి పట్టుకొని సూది వేయలేం. వేయకూడదు కూడా.

పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మ సాయంత్రం క్వార్టర్ల మధ్య ఖాళీ స్థలంలో ఆమెను చూశాను. పసుపుపచ్చ చీర. పాట ఆమే ఎత్తుకుంటోంది, పడుచుపిల్లలు అందుకుంటున్నారు. వంగి చప్పట్లు కొడుతూ తిరుగుతున్న ఆ గుండ్రంలో అందరికంటే పెద్దది ఆమే, అందరికంటే చప్పుడు ఆమెదే. నన్ను చూసి, పాట ఆపకుండానే రెండు చేతులూ పైకెత్తి చూపించింది. చూడు, రెండూ బాగున్నాయి అన్నట్టు. ఆ సాయంత్రం ఆమెకు దక్కినందుకు దేవుడికి దండం పెట్టకుండా ఉండలేను. ఆడకుండా ఉండవలసిందని నా నోటితో ఎప్పటికీ అనను.

తర్వాత దసరా. మా దగ్గర దసరా సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి, బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం, అలాయ్ బలాయ్ అని ఆలింగనం చేసుకుంటాం. క్వార్టర్లలో పోశక్క, రాజలింగులు అందరికీ పెద్దవాళ్లు. ఆ గడప తొక్కని ఇల్లు ఉండదు. ఆ వారం ఊళ్లో దగ్గులు, జ్వరాలు జోరుగా ఉన్నాయి. దగ్గుకుంటూ వచ్చినవాళ్లూ జమ్మి పెట్టారు, వంగి దీవెన తీసుకున్నారు. ఎవరినని అంటాం. ప్రేమతో వచ్చిన చేతులవి.

దసరా అయిన మూడు నాలుగు రోజులకు ఇద్దరూ వచ్చారు. ఆయన దగ్గుతున్నాడు, కళ్లు ఎర్రబడ్డాయి. ఆమె ఆయన భుజం పట్టుకొని నడిపించుకొచ్చింది. నేను కంగారుగా ఆయన కోసం కుర్చీ లాగాను. పల్స్ ఆక్సిమీటర్ ముందు ఆయన వేలికే పెట్టాను. అది రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉందో చూపే చిన్న బిళ్ల. అందరి భయమూ ఆయన ఊపిరి గురించే.

పోశక్క కొంగు ముడి విప్పి వాడిన జమ్మి ఆకులు తీసి నా అరచేతిలో పెట్టింది.

“బంగారం తీస్కో బిడ్డా. మాట తప్పలే. సద్దులైనయ్. ఇగ సూదెయ్యి.”

ఆకులు కాదు, ఆమె చేయి తగిలింది నాకు. కాలిపోతోంది.

“అవ్వా, నీకు జ్వరముంది.”

“ఆయనకు కషాయం కాసుకుంట పొయ్యి కాడ కూసున్న. గా ఏడి.”

థర్మామీటరు పెడితే పొయ్యి వేడి కాదని తేలింది. ముక్కు పరీక్ష చేస్తే ఇద్దరికీ ఫ్లూనే. జ్వరం ఎక్కి ఉండగా ఆ రోజు టీకా వేయలేం, వేసినా ఈ జ్వరానికి అది పనికి రాదు. ఫ్లూకు వాడే గోలీలు డాక్టరమ్మ ఇద్దరికీ రాసింది. పోశక్క చీర చెంగు భుజం మీదికి లాక్కుంటూ నా వైపు చూసి, “నేను మాట మీదనే ఉన్న. నువ్వే తప్పుతున్నవ్” అంది నవ్వుతూ. ఇద్దరూ పడుకొనే ఉండాలని, ఆయాసం వస్తే వెంటనే రావాలని రెండుసార్లు చెప్పి పంపాను.

రాజలింగు బాపు పడుకున్నాడు. ఆమె పడుకోలేదు. ఆయనకు గంజి కాచింది, ఆయనకు ఆవిరి పట్టింది, ఆయన దుప్పటి ఉతికింది. ఈ సంగతి మంథని నుంచి వచ్చిన వాళ్ల బిడ్డ తర్వాత చెప్పింది. ఆ అమ్మాయి వచ్చేసరికి ఆయన జ్వరం దిగింది. దగ్గుతూనే అయినా లేచి కూర్చొని చాయ్ తాగుతున్నాడు. పోశక్క మాత్రం పొయ్యి దగ్గర గోడకు ఒరిగి ఉంది. “అవ్వా, ఎట్లున్నది?” అంటే పొంతన లేని మాటలు చెప్పింది. తంగేడు పువ్వు తెచ్చిన్రా అని అడిగింది. పెద్ద వయసులో ప్రాణవాయువు తగ్గితే ముందు మాట తప్పుతుంది.

మా దగ్గరికి తెచ్చేసరికి ఆక్సిమీటరులో అంకె ఉండవలసినదానికంటే చాలా కింద ఉంది. ఆక్సిజన్ పెట్టి, అంబులెన్సులో కరీంనగర్ పెద్ద దవాఖానకు పంపాం. ఎక్కించేటప్పుడు ఆమె చేయి పట్టుకున్నాను. ఆమెకు నేనెవరో తెలిసినట్టు లేదు. వారం తిరగకముందే న్యుమోనియాతో పోయింది.

అందరూ ఆయన పోతాడని భయపడ్డారు. ఊపిరి చెడినవాడు ఉన్నాడు, రాయిలాంటి ఆమె పోయింది. దినాలు అయ్యాక రాజలింగు బాపు ఒక్కడే నెల పరీక్షకు వచ్చాడు. వెనక నడవడం అలవాటైన మనిషి. గుమ్మం దగ్గర ఎవరో ముందు పోవాలన్నట్టు ఆగిపోయాడు. తర్వాత లోపలికి వచ్చి కూర్చొని, డాక్టరమ్మను ఒకటే అడిగాడు.

“అమ్మా, గప్పుడే ఏసుకుంటె బతుకునా?”

డాక్టరమ్మ చేతిలోని పెన్ను కింద పెట్టింది.

“చెప్పలేను బాపూ. వేసుకున్నవాళ్లల్ల సుత పోయేటోళ్లుంటరు. వేసుకోనోళ్లల్ల లేచి తిరిగేటోళ్లుంటరు. ఒక్క మనిషిని పట్టుకొని గిట్లయ్యేదని నేనే కాదు, ఎవ్వలూ చెప్పలేరు. మందిని చూసుకుంటె మాత్రం, వేసుకున్న పెద్దలు దవాఖానల పడేది తక్కువ, పానం మీదికి వచ్చేది తక్కువ. గంతే నాకు తెలిసింది.”

ఆయన తల ఊపాడు. అబద్ధపు ఓదార్పు చెప్పనందుకు ఆమెను నేను లోలోపల మొక్కుకున్నాను.

“ప్రాపు సుత గంతేనమ్మా” అన్నాడు ఆయన. “పెట్టినకాడ సుత కూలుతది ఒక్కోపారి. పెట్టనికాడ ఒక్కోపారి నిలవడతది. గని పెట్టకుంట మనిషిని లోపటికి తోలం.” గది కప్పు వైపు చూస్తూ, “బాయిల ఎవ్వరెవ్వరి నెత్తిల మీదనో పెట్టిన. ఆమె నెత్తి మీద పెట్టే కాడ మాత్రం నవ్వుకుంట ఊకున్న” అన్నాడు.

ఆ మాటకు మా దగ్గర మందు లేదు. తప్పు ఎవరిదని వెతికితే దొరకదు. ఆమె పండుగ చేసుకుంది, మాట నిలబెట్టుకుంది, జబ్బుపడిన మనిషికి గంజి పోసింది. అన్నీ మంచి పనులే. వాటి మధ్యన జ్వరానికి దారి దొరికింది. బాధంతా అదే.

ఆ తర్వాత నేను సర్ది సూది అనే మాట వదిలేశాను. ఎవరైనా అలా అడిగితే “సర్దికి కాదు, ఊపిరికి” అంటాను. సర్ది వస్తుంది, జ్వరమూ రావచ్చు, ముసలి ఒంట్లో ఈ టీకా సగం కాపలాయే కాస్తుందని ముందే చెబుతాను. ఆ సగాన్నే ఎందుకు వదులుకోవాలో వాళ్లనే అడుగుతాను. పండుగ అయ్యాక అనేవాళ్లకు పండుగే లెక్క చెబుతాను. జమ్మి ఆకు చేతిలో పడేనాటికి మందు ఒంట్లో కుదురుకొని ఉండాలంటే, వినాయకుడు మండపంలో ఉండగానే రావాలి. ఇంటికి ఒక్కరు కాదు, గడప లోపల ఉన్న ముసలివాళ్లందరూ.

మరుసటి ఏడు వినాయకులు ఇంకా మండపాల్లోనే ఉన్నారు. పొద్దున్నే తలుపు తీసేసరికి మెట్ల మీద రాజలింగు బాపు. వెనక పోశక్కతో బతుకమ్మ ఆడే ముసలమ్మలు ముగ్గురు. వాళ్లలో ఒకామె లోపలికి వస్తూనే గొణిగింది.

“సూదేస్తె చెయ్యి గుంజుతదట గదనే. రేపు బతుకమ్మకు చప్పట్లెట్ల కొట్టుడు?”

ఆయన ఆమె వైపు తిరగలేదు. “గిప్పుడు గుంజితె గప్పటికి తగ్గుతది. నడువు” అన్నాడు.

ముందు వాళ్లకు వేయించాడు. అందరిదీ అయ్యాక తను వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఫ్రిజ్ లోంచి మందు తీసి, అలవాటుగా అడిగాను.

“ఏ చేతికి బాపూ?”

రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని కాసేపు వాటినే చూశాడు.

“ఏదైతేంది బిడ్డా. ఒక్క చేత్తో సప్పుడైతె గాదు గని, సూదికి సాలు.”